మేళం ఆగాల్సిన గుమ్మం

ఈ మధ్య ఎవరు కలిసినా నన్ను ఒకటే అడుగుతున్నారు. యంత్రాలు పాటలు కట్టేస్తున్నాయట కదా, ఇక మీ సంగీత దర్శకుల పని అయిపోయినట్టేనా అని. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాడు అడుగుతాడు. బ్యాంకులో వెనకాల నిలబడ్డవాడు అడుగుతాడు. మొన్న పళ్ళ డాక్టరు నా నోట్లో రెండు పనిముట్లు పెట్టి మరీ అడిగాడు. జవాబు చెప్పే వీలు లేకుండా అడిగింది ఆయనొక్కడే కాబట్టి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఒకప్పుడైతే ఈ ప్రశ్నకు ఒంటికాలి మీద లేచేవాణ్ణి. నాకు కోపం ఎక్కువ. అది కళాకారుడికి ఉండే కోపమని మా ఆవిడను నమ్మించాలని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆవిడ మాత్రం అది ఆకలి వల్ల వచ్చే కోపమని తేల్చేసింది. రెండేళ్ళ కిందట విశాఖలో ఒక కాలేజీ వాళ్ళు ఇదే విషయం మీద మాట్లాడమని పిలిచారు. వెళ్ళి బల్ల గుద్ది చెప్పాను. యంత్రానికి ఆకలేస్తుందా, దానికి అమ్మ ఉందా, అది ఎప్పుడైనా ఎవరి కోసమైనా ఏడ్చిందా అని అడిగాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ శాలువా మడత విప్పకుండా బీరువాలో పెట్టిన మూడో నెలలో నేను చేసిన పని ఇప్పుడు చెప్పబోతున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

సంగీత దర్శకుడు అన్నానని ఏదో ఊహించుకోకండి. పెందుర్తిలో మా ఇంటి మేడ మీద ఒక గది, అందులో ఒక కీబోర్డు, ఒక కంప్యూటరు, రెండు మైకులు, అంతే నా సామ్రాజ్యం. నేను సినిమాకు పని చేయలేదు. నాకు తిండి పెట్టింది ఊళ్ళ అమ్మవార్లు. సబ్బవరం వైపు, పరవాడ వైపు ప్రతి ఊరికీ ఒక అమ్మవారు, ప్రతి అమ్మవారికీ ఏడాదికో పండగ, ప్రతి పండగకీ సౌండు బాక్సుల వ్యాను మీద మోగడానికి ఒక కొత్త పాట. పక్క ఊరి పాట పనికిరాదు. ఒకసారి బద్ధకించి ఒక ఊరి పాటలో అమ్మవారి పేరు మార్చి ఇంకో ఊరికి ఇచ్చాను. రెండు ఊళ్ళ మధ్యా ఒక వియ్యం ఉందని నాకు తెలియదు. పెళ్ళికూతురు తరఫువాళ్ళు పట్టేశారు. రెండు కమిటీలూ కలిసి మా ఇంటికొచ్చి నన్ను ఎంత మర్యాదగా తిట్టారంటే మా ఆవిడ వాళ్ళకు కాఫీ ఇచ్చి మరీ వింది.

అన్ని ఊళ్ళలోనూ నాకు దగ్గరైన ఊరు సబ్బవరం దాటాక ఒకటుంది. అక్కడ డోలు వాయించే ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద. పొద్దున్నే ఆటోలో కూరగాయలు రైతుబజారుకు చేర్చి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, భోంచేసి డోలు ముందేసుకునేవాడు. నేను ఆ ఊరికి మొదటిసారి పాట కట్టి తీసుకెళ్ళినప్పుడు కమిటీవాళ్ళు ఆయనకు వినిపించమన్నారు. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని టేపు పెట్టాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

“పాట బాగుంది బావా,” అన్నాడు. “పరిగెత్తడానికి.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. పరిచయమై గంట కాలేదు, బావా అంటాడు, పైగా వెక్కిరింతా అని ఏదో అనబోయేలోపే లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది. “అన్నయ్యా, ఓపాలి ఉండండి,” అని ఇత్తడి బిందె నిండా నీళ్ళు పట్టి, తల మీద చుట్టకుదురు పెట్టి, దాని మీద బిందె పెట్టుకుని, చేతులు వదిలేసి వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది.

“ఇదీ నడక. అమ్మోరి ఘటం మోసినప్పుడు ఇలాగే నడవాల. మీ పాటకి నడిసేననుకో, నీళ్ళన్నీ నా మెడలోకే వచ్చేత్తాయి.”

ఘటమంటే పసుపు రాసి, వేపాకు కట్టి, దీపం పెట్టిన కుండ. పండగ నాడు పాతిక ముప్పై మంది ఆడవాళ్ళు దాన్ని తల మీద పెట్టుకుని గుడి దగ్గర బయల్దేరి ఊరంతా తిరుగుతారు. ప్రతి గుమ్మం ముందూ ఆ ఇంటివాళ్ళు వాళ్ళ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తారు. అంతమందీ పాటను బట్టే అడుగు వేస్తారు. అంత చిన్న సంగతి నాకు అంతవరకూ తట్టలేదు. పట్నంలో గదిలో కూర్చుని కట్టినవాణ్ణి మరి.

ఆ రోజు నుంచి ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊరి పాటను నేను ఆ అరుగు మీదే కట్టాను. ఆయన డోలు మీద చేతివేళ్ళతో మెల్లగా వాయించేవాడు, నేను కూనిరాగం తీసేవాణ్ణి, ఆవిడ బిందె పెట్టుకుని నడిచేది. నడుస్తూనే నన్ను ఆటపట్టించేది. “మా అన్నయ్యకి సంగీతం వచ్చు గానీ నడకే రాదు,” అనేది. “ఆ సన్నాయి కాడ కొంచెం ఊపిరి తీసుకోనివ్వండి, ఘటం మోసేది మనుషులే కదేటి,” అనేది. ఆవిడ అడుగులకు సరిపోయే వేగమెంతో ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకునేవాణ్ణి. నిమిషానికి ఎనభై రెండు. ఒక ఏడాది కాలు బెణికినప్పుడు ఎనభై అయింది. ఆ ఏడు అందరూ పాట మరీ నిమ్మళంగా ఉందన్నారు.

రెండేళ్ళ కిందట కార్తీకంలో ఆవిడ పోయింది. పొద్దున్న గుండెలో నొప్పి అంది, పెద్దాసుపత్రికి తీసుకొచ్చేసరికి దారిలోనే అయిపోయింది. నేను వెళ్ళేటప్పటికి వాకిట్లో పడుకోబెట్టారు. ఆవిడ నడిచిన వాకిలే అది. నేను బాగా ఏడ్చాను. ఆయన ఏడవలేదు, వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు సర్దుతూ తిరిగాడు.

పండగ చైత్రంలో. దానికి నెలన్నర ముందు ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. ఆ ఊళ్ళో చావు జరిగిన ఇంటికి ఏడాదిపాటు పండగ లేదు. గుమ్మం దాటి ఊరేగింపులోకి రాకూడదు, డోలు ముట్టుకోకూడదు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆ ఏడాది చావు జరిగిన ఇంటి ముందు మేళం మోగదు. పదడుగుల ముందే డోలు ఆగిపోతుంది, వ్యాను మీద పాట ఆపేస్తారు. ఘటాలు మోసేవాళ్ళు ఆ గుమ్మం ముందు ఒక్క నిమిషం కదలకుండా నిలబడతారు. ఇంట్లోవాళ్ళు తలుపు ఓరగా వేసుకుని లోపల్నుంచి చూస్తారు. అది దాటాక మళ్ళీ మేళం మొదలు. ఏ ఇంట్లో ఎవరు పోయారో ఆయనకు తెలుసు కాబట్టి ఆయన డోలు పుల్ల పైకెత్తేవాడు. వ్యానులో డ్రైవరు పక్కన కూర్చునే నేను పాట ఆపేవాణ్ణి. ఎప్పుడూ ఇద్దరమే చేసిన పని అది.

“ఈ ఏడు నాను గుమ్మం దాటకూడదు బావా,” అన్నాడు. “ఇన్నేళ్ళూ అందరి గుమ్మాల కాడా నానే ఆపేను. ఈపాలి మా గుమ్మం కాడ ఆపడానికి నానుండను. నువ్వు సూసుకో. అది ఎన్నేళ్ళు మోసిందో ఘటం నీకు తెలుసు కదా. దాని గుమ్మం ముందు ఒక్క నిమిషం సప్పుడు లేకుండా నిలబడాల. నాకింకేటీ అక్కర్లేదు.”

“నేనున్నాను కదా బావా,” అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

ఇంటికొచ్చి పాట మొదలుపెట్టాను. మొదలుపెట్టాననే చెప్పాలి, ఎందుకంటే అది ముందుకు కదల్లేదు. ఒక పల్లవి వచ్చేది, రెండో రోజుకు వెగటు పుట్టేది. ఏ రాగం తీసినా ఆవిడ వాకిట్లో నడవడం లేదన్న సంగతి గుర్తొచ్చేది, కీబోర్డు మూసేసేవాణ్ణి. ఆ అరుగు మీదికి వెళ్ళి కూర్చోవలసింది. వెళ్ళలేకపోయాను. ఆవిడ లేని వాకిలి చూస్తూ పాట కట్టే ధైర్యం లేదు నాకు. మూడు వారాలు అలా గడిచాయి.

కమిటీ ప్రెసిడెంటు పరవాడలో మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. మంచివాడే గానీ పండగ దగ్గర పడేకొద్దీ ఫోన్లు ఎక్కువయ్యాయి. “సార్, పాట ఏటయ్యింది సార్?” అని పొద్దున ఒకసారి, క్యాంటీన్ నుంచి ఒకసారి. ఒకరోజు మొహమాటంగా అన్నాడు. “మా కంపెనీలో ఒకడు ఫోన్లోనే పాట సేసీసేడు సార్. టీ తాగినంత సేపట్లో. బాగానే వచ్చింది సార్, నాను విన్నాను.”

“అయితే వాడి చేతే చేయించుకో! నాకెందుకు ఫోను?” అని కేకలేసి పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే ఆ యాప్ నా ఫోన్లో ఎక్కించుకున్నాను. దాన్ని తిట్టడానికైనా ఒకసారి చూడాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అమ్మవారి పేరు రాశాను, ఊరి పేరు రాశాను, డోలు కావాలి, సన్నాయి కావాలి, ఘటాలు మోసే ఆడవాళ్ళ పాట కావాలి అని రాశాను. వేగమెంత అని అడిగింది. ఎనభై రెండు అని కొట్టాను.

నిమిషం తిరక్కుండా రెండు పాటలు వచ్చాయి. మొదటిది నవ్వొచ్చేలా ఉంది, మాటలు నోట్లో కంకర వేసుకుని పాడినట్టున్నాయి. పొంగిపోయాను. రెండోది పెట్టాను. పల్లవి అయ్యేసరికి నవ్వు ఆగిపోయింది. సన్నాయి ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలైంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంది. మూడు వారాలుగా నాకు దొరకని వరస అది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ముప్పై ఏళ్ళు ఈ పనే చేశాను కదా, ఇంతేనా ఇది అనిపించింది.

మా ఆవిడ టీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి విని, “ఇదేదో బాగుందే! మూడు వారాలుగా ఎక్కడ దాచారు?” అంది.

“ఇప్పుడే వచ్చింది,” అన్నాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. అప్పుడే చెప్పేసి ఉంటే బాగుండేది. ఇన్నాళ్ళకు ఆవిడ మొహంలో ఆ సంతోషం చూసి చెప్పలేకపోయాను.

కొంచెం మాటలు మార్చాను, ఒకచోట నా గొంతు కలిపాను. ఇక ఆ ఒక్క నిమిషం నిశ్శబ్దం మిగిలింది. మధ్యలో ఒక నిమిషం ఏమీ లేకుండా వదలమని యంత్రానికి రాశాను. అది గజ్జెల చప్పుడు పెట్టింది. ఏమీ వద్దన్నాను. గాలి వీచే చప్పుడు పెట్టింది. నాలుగోసారి అడిగితే ఆడవాళ్ళ చేత సన్నగా ఏడిపించింది. దానికి ఖాళీగా ఉండటం చేతకావడం లేదు. సర్లే, ఇది నాకు వచ్చిన విద్యేగా అని నేనే కత్తిరించి పెడదామనుకున్నాను.

ఇక్కడే నా తెలివి తెల్లారింది. పాటను ఎక్కడ ఆపాలో కంప్యూటర్లోనే లెక్క కట్టేయొచ్చు అనుకున్నాను. ప్రెసిడెంటుకు ఫోన్ చేసి గుడి దగ్గర నుంచి డోలు బావ ఇంటికి ఊరేగింపు ఎంతసేపట్లో వస్తుందని అడిగాను. “ఇరవై నిమిషాలు సార్. రోడ్డేసేక ఇంకా ఫాస్టే,” అన్నాడు. పాటను సాగదీసి, తిప్పి తిప్పి అతికించి, అరగంట పైన చేశాను. సరిగ్గా ఇరవయ్యో నిమిషంలో మెల్లగా తగ్గి, నిమిషంన్నర పూర్తిగా ఆగి, మళ్ళీ మొదలయ్యేలా పెట్టాను. “ఇక ఎవరూ ఏ బటనూ నొక్కక్కర్లేదు, దానంతటదే ఆగుతుంది,” అని చెప్పి వాట్సాప్‌లో పంపేశాను. బావకిచ్చిన మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను. పైగా ఎంత పకడ్బందీగా చేశానో అని కాస్త గర్వం కూడా.

పండగ రోజు మధ్యాహ్నం మా ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. నేను స్నానం చేసి వచ్చి ఆ చొక్కా వంక చూస్తూ కూర్చున్నాను. అక్కడికెళ్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. గుడి దగ్గర దండ వేస్తారు. మైకులో మన సారు కట్టిన పాట అంటారు. ఘటాలెత్తే ముసలమ్మలు ఈ ఏడు పాట బాగా కట్టేవు నాయనా అంటారు. అవన్నీ భరించి పోయిన చెల్లెమ్మ గుమ్మం ముందుకు వెళ్ళి నిలబడాలి, ఆవిడ నడవని పాటతో. సిగ్గేసింది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ప్రెసిడెంటుకు ఫోన్ చేసి జ్వరమన్నాను.

మా ఆవిడ వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. “చల్లగానే ఉంది,” అంది. చొక్కా తీసి హ్యాంగరుకు తగిలించింది.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. అవతల గోల గోలగా ఉంది.

“సార్, గొడవైపోనాది సార్,” అన్నాడు ప్రెసిడెంటు. ఏడుపు గొంతుతో అన్నాడు.

కిందటి పండగకు మా వ్యాను ఆ వీధిలో వెళ్ళినప్పుడు రోడ్డుకు కుడివైపు ఖాళీ స్థలాలు. ఏడాదిలో అక్కడ ఒక లేఅవుట్ వేసి ఇళ్ళు కట్టేశారు. బస్సు దిగి బావ ఇంటికి నేను వెళ్ళే దారి వేరు, అవి చూడలేదు. కొత్తగా వచ్చిన ఆ ఇళ్ళవాళ్ళందరూ పసుపు నీళ్ళ బిందెలతో గుమ్మాల ముందు నిలబడ్డారు. ప్రతి గుమ్మం దగ్గరా ఘటాలు ఆగి, నీళ్ళు పోయించుకుని కదిలేసరికి ఇరవయ్యో నిమిషానికి ఊరేగింపు సగం దూరం కూడా రాలేదు. ఇరవయ్యో నిమిషంలో అది వేరే గుమ్మం ముందు ఉంది. ఆ ఇంటి పెద్దాయన పోర్టులో పనిచేసి రిటైరయినవాడు, నెల రోజులు ఆసుపత్రిలో ఉండి వారం కిందటే ఇంటికొచ్చాడు. ఆయన్ని కుర్చీలో తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టారు, అమ్మోరి ఘటాలు చూస్తే మంచిదని. కోడళ్ళు ఇద్దరూ బిందెలు పట్టుకుని ముందుకొచ్చారు. సరిగ్గా అప్పుడే నా పాట తగ్గి, తగ్గి, ఆగిపోయింది. పాట ఆగితే ఏం చేయాలో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. డోలు వాయిస్తున్న కొత్తవాడు ఆపేశాడు. ఘటాలు మోసేవాళ్ళు కదలకుండా నిలబడిపోయారు. వీధి వీధంతా ఆ పెద్దాయన ముందు నిశ్శబ్దంగా నిలబడింది.

పెద్ద కోడలు బిందె కింద పడేసి గొల్లుమంది. కొడుకు వీధిలోకి దూకాడు. “మా నాన్న బతికే ఉన్నాడు కదరా! ఎదురుగా కూకున్నాడు, కనబడతలేదేట్రా! ఆయన ముందే మేళం ఆపుతారేట్రా!” అని వ్యాను డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. వాళ్ళు తోసుకుంటుండగానే నిమిషంన్నర అయిపోయింది. పాట మళ్ళీ ఫుల్ సౌండుతో అందుకుంది.

“మరి మా బావ ఇంటి ముందు?” అని అడిగాను.

“ఆపలేదు సార్. ఆపితే మళ్ళీ ఎక్కడ ఏ గొడవవుతాదో అని ఇంకెక్కడా ఆపొద్దని నానే సెప్పేసేను. ఆళ్ళింటి ముందు కాస్త తగ్గించమన్నాను సార్, డ్రైవరుకి వినబళ్ళేదు. మీరుంటే బాగుండును సార్.”

అరవడానికి నోరు తెరిచాను. అలవాటు కదా. తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి, అందులో ఒక్కటి కూడా వాడికి తగిలేది లేదు. ఫోను పెట్టేసి మా ఆవిడకు మొత్తం చెప్పాను, యంత్రం సంగతి కూడా. “ఆ పాట ఎవరు కడితే ఏంటండీ, మీరు వెళ్ళాల్సింది,” అంది.

మర్నాడే వెళ్ళవలసినవాణ్ణి. నాలుగు రోజులు ఆగాను. ఆ నాలుగు రోజులూ నన్నెవరైనా ఆ ప్రశ్న అడిగితే బాగుండును అనిపించింది. యంత్రం నా పని లాక్కుందా అంటే, లేదండీ, నేనే దాని చేతికిచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నాను అని చెప్పేవాణ్ణి. పాట కట్టడం వరకు అది నాకంటే బాగానే చేసింది. ఆ ఊరి వీధిలో నడిచి, ఆగాల్సిన చోట చెయ్యి ఎత్తే పని నాది. అది యంత్రం నన్ను అడగనేలేదు.

అయిదో రోజు బస్సెక్కాను. ముందు ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను, ఎందుకంటే అది తేలిక. కొడుకు మొహం తిప్పుకున్నాడు గానీ పెద్దాయన పకపకా నవ్వాడు. “నన్ను సూసి అమ్మోరి మేళమే ఆగిపోయిందిరా! ఇంకెవుడికైనా ఉందేటి ఈ ఊళ్ళో అంత మర్యాద?” అని టీ ఇప్పించాడు. క్షమించడం ఇంత సులువా అని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

డోలు బావ ఇంటి ముందు ఆటో కడుగుతున్నాడు. నన్ను చూసి నీళ్ళ పైపు కట్టేసి, లుంగీ దించి, లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. ఇరవై ఏళ్ళలో ఆ ఇంట్లో నేను కుర్చీలో కూర్చోలేదు.

“రండి, కూకోండి,” అన్నాడు.

ఆ రెండు ముక్కల్లో బావా అన్న పిలుపు లేదు. కూర్చున్నాను.

“జొరమని సెప్పేరు. తగ్గిందా అండి?”

జ్వరం లేదు బావా అన్నాను. అక్కణ్ణుంచి అన్నీ చెప్పేశాను. పాట రాకపోవడం, యాప్, ఎనభై రెండు, ఇరవై నిమిషాలు, ఇస్త్రీ చొక్కా. ఆయన ఆటో అంచు మీద కూర్చుని తల వంచుకుని విన్నాడు.

“మిషను సేసిందాండి అది? బాగా సేసింది. నడక సరిగ్గా కుదిరింది.”

“నడక చెల్లెమ్మదే బావా.”

“మరే. నాకు తెలిసిపోనాది లెండి, ఇంట్లోంచే.”

“నా తప్పే. నీకు మాటిచ్చి, నీ గుమ్మం ముందు పాట ఆపలేకపోయాను. నన్ను తిట్టు బావా, నాలుగు మాటలను,” అన్నాను.

“పాటదేటుందండి,” అన్నాడు. కోపం లేదు గొంతులో. “అది ఆగకపోతే ఏటి, ఘటాలు ఆగేయి. సెవులు పగిలిపోయే ఆ గోలలోనే ఆడాళ్ళందరూ తలమీద ఘటాలతో మా గుమ్మం ముందు కదలకుండా నిలబడ్డారు. కమిటీవోళ్ళు సేతులు కట్టుకుని నిలబడ్డారు. గొడవాడిన ఆ కొడుకున్నాడే, ఆడు కూడా ఎనకాలొచ్చి నిలబడ్డాడు. నాను తలుపు సందులోంచి ఒక్కొక్కళ్ళనీ సూసుకున్నాను.”

పైపు తీసుకుని లేచాడు. ఆటో వైపు తిరిగి, నా మొహం చూడకుండా అన్నాడు.

“ఊరంతా ఉన్నాదండి. మీరొక్కరే లేరు.”